పాత ఫొటో ఎవరిది?

గోడకు వేలాడే ఫొటోను చూపించి, ఆ మేకు ఎవరు కొట్టారో చెప్పమంటే ఇంటాయన చెబుతాడు. అద్దానికీ చట్రానికీ ఎంత ఖర్చయిందో ఇల్లాలు చెబుతుంది. అందులో కుర్చీమీద బిగుసుకొని కూర్చున్న తలపాగా పెద్దమనిషి ఎవరో ఇంట్లో ముసలమ్మ చెబుతుంది. కాని, ఆ అద్దం వెనక వున్న బొమ్మ ఎవరి సొత్తు అని అడిగామా, అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకుంటారు. ఇదేం ప్రశ్న, మా గోడమీద వున్నది మాది కాక మరెవరిది అంటారు. గోడమీద వున్నంతసేపూ ఆ జవాబు చెల్లుతుంది. దాన్ని కిందికి దించి ఒక పుస్తకంలో అచ్చువేయాలన్నప్పుడు వస్తుంది అసలు చిక్కు.

ఈ చిక్కు విప్పకపోతే నష్టం ఎవరికి? చట్టం చదివినవాళ్ళకు కాదు. తమ ఊరు ఒకప్పుడు ఎట్లా వుండేదో పిల్లలకు చూపించుకోదలచిన మనబోటి సంసారులకు.

మూడు గొంతులు

మా సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతానికి ఈ ప్రశ్న మరీ ముఖ్యం. హైదరాబాదునుంచి బొంబాయి పోయే రోడ్డుకు ఇరువైపులా ఒకనాడు జొన్నచేలు, తాటివనాలు, చెరువుకట్టలు వుండేవి. 1960లలో రామచంద్రాపురంలో భారీ విద్యుత్పరికరాల కర్మాగారం వచ్చింది. 1972లో మెట్టపంటల పరిశోధనకు అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ పటాన్‌చెరు దగ్గర వెలిసింది. ఆ దశాబ్దంలోనే పారిశ్రామికవాడ కూడా మొదలయింది. ఇప్పుడు ఆ రోడ్డుమీద పోయే కుర్రవాడికి పొగగొట్టాలూ ప్రహరీగోడలూ తప్ప వెనకటి ఊరు కనబడదు. అది కనబడేది పాత ఫొటోలలోనే.

అందుకనే మా కళాశాల విద్యార్థులను, మీ మీ ఊళ్ళ పాత ఫొటోలు నాలుగైదు సేకరించుకు రండి, ఒక చిన్న సంచిక వేద్దాం అన్నాను. వారం తిరక్కుండానే వాళ్ళు ఫొటోలకంటె ముందు ప్రశ్నలు పట్టుకొచ్చారు.

“స్టూడియో ఆయన ఇయ్యనన్నడు సార్. నెగెటివులు నా దగ్గరున్నయి, గందుకని ఫొటోలన్నీ నాయే అన్నడు,” అన్నాడొక అబ్బాయి.

“ఇది మా తాత పెండ్లి ఫొటో సార్. పైసలు ఇచ్చింది మా ముత్తాత. మరి మాది కాదా?” అన్నది ఒక అమ్మాయి.

మూడోవాడు నవ్వుతూ, “గింత పరేషాన్ ఎందుకు సార్? ఇంటర్నెట్‌ల ఉన్నయన్నీ అందరివే గద. దించుకుంటే ఏమైతది?” అన్నాడు.

చూడండి, ఈ మూడు మాటల్లోనే ఈ వ్యవహారమంతా ఇమిడి వున్నది. చేతిలో వున్నవాడిదే సొత్తు అనేది మొదటి మాట. డబ్బిచ్చినవాడిది అనేది రెండోది. అందరిదీ అనేది మూడోది. మూడింటిలోనూ కొంత నిజం వున్నది. పూర్తి నిజం ఏ ఒక్కదానిలోనూ లేదు.

పుట్టుకే ఉమ్మడి సొత్తు

ఫొటోగ్రఫీ విద్య పుట్టుకలోనే ఈ తగాదా వున్నది. ఫ్రాన్సులో డగేర్ అనే ఆయన వెండిపూత వేసిన రాగిరేకుమీద రూపాన్ని నిలిపే ఉపాయం కనిపెట్టాడు. ఫ్రెంచి ప్రభుత్వం ఆయనకు పింఛను ఏర్పాటు చేసి, ఆ రహస్యం తాను తీసుకొని, 1839 ఆగస్టు 19న పారిస్ నగరంలో పండితుల సభలో బయటపెట్టింది. ఎవరైనా నేర్చుకోవచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు అన్నది. లోకానికి దానమిచ్చినట్టే. అయితే దానికి కొద్దిరోజుల ముందే ఆ ఉపాయంమీద ఇంగ్లండులో పేటెంటు కూడా తీసుకున్నారు! ఒక చేత్తో పంచిపెట్టడం, మరో చేత్తో పిడికిలి బిగించడం – రెండూ నాటినుంచీ వున్నవే.

తరువాత మరో చర్చ బయలుదేరింది. పటం గీసేవాడు కుంచె పట్టుకొని కష్టపడతాడు, నిజమే. ఫొటో తీసేది యంత్రం కదా, ఇందులో మనిషి ప్రతిభ ఏమున్నది, అతనికి హక్కేమిటి అన్నారు. బ్రిటనులో 1862లో చేసిన చట్టం ఫొటోలను కూడా చిత్రలేఖనాల సరసన చేర్చింది. అమెరికాలో ఈ సంగతి సుప్రీంకోర్టుదాకా పోయింది. రచయిత ఆస్కార్ వైల్డ్ 1882లో అక్కడికి ఉపన్యాసాలకు వెళ్ళినప్పుడు, న్యూయార్కులో సరోనీ అనే ఫొటోగ్రాఫరు ఆయన్ని సోఫామీద కూర్చోబెట్టి ఫొటో తీశాడు. ఒక అచ్చు కంపెనీ దానికి నకలు తీసి 85,000 ప్రతులు వేసింది. సరోనీ దావా వేశాడు. ఆ మనిషిని ఎట్లా కూర్చోబెట్టాలి, ఏ దుస్తులు, ఏ తెర, వెలుగు ఎటునుంచి పడాలి – ఇవన్నీ ఫొటోగ్రాఫరు ఊహలోనుంచి వచ్చినవే కనుక అతడు కర్తే అని 1884లో కోర్టు తీర్పు చెప్పింది.

ఈ మధ్య కాలంలో ఇంకా తమాషా జరిగింది. 2011లో ఇండోనీషియా అడవిలో ఒక కోతి, ఫొటోగ్రాఫరు అమర్చిన కెమెరా మీట నొక్కి తన ఫొటో తానే తీసుకున్నది. ఆ కోతి పక్షాన కొందరు అమెరికాలో దావా వేస్తే, ఆ చట్టం కింద దావా వేసే అర్హత కోతికి లేదని 2018లో అప్పీలు కోర్టు తేల్చింది. కర్త అనిపించుకోవాలంటే మనిషై వుండాలన్నమాట!

నిజాంగారి ఫొటోగ్రాఫరు

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. పాత హైదరాబాదు ఫొటో ఏది కనబడినా కింద రాజా దీన్ దయాళ్ పేరు వెతుకుతాం. ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టాడు. రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇందూరులో సర్కారు కొలువు చేస్తూ, సరదాగా కెమెరా పట్టుకున్నాడు. ఆ సరదాయే చివరకు ఆయనకు వృత్తి అయింది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయన్ని తన ఆస్థాన ఫొటోగ్రాఫరుగా పెట్టుకొని, రాజా అనీ ముసవ్విర్ జంగ్ అనీ బిరుదులిచ్చాడు. సికింద్రాబాదులోనూ బొంబాయిలోనూ ఆయన స్టూడియోలు నడిచాయి. ఘోషా స్త్రీలకోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఇంగ్లీషు వనిత చేతిలో వుంచాడు. వేటలు, విందులు, కోటలు, కరువు పనులు – ఆయన కెమెరా చూడనిది లేదు. 1905లో కన్నుమూశాడు.

మరి ఆయన తీసిన ఫొటోలు ఇవాళ ఎవరివి? ఏ లెక్కన చూసినా వాటిమీద కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది. నెగెటివు తయారైన నాటినుంచి 50 ఏళ్ళు అనే పాత లెక్క వేస్తే 1955తో సరి. తీసినవాని మరణం తరువాత 60 ఏళ్ళు అనే నేటి లెక్క వేసినా 1965తో సరి. అంటే అవి ఊరుమ్మడి బావివంటివి. ఎవరైనా చేద వేసి తోడుకోవచ్చు. పుస్తకంలో అచ్చు వేయవచ్చు, కాలెండరు చేయవచ్చు, పెండ్లిపత్రికమీద చార్మినారు బొమ్మగా వేసుకోవచ్చు. ఎవరి అనుమతీ అక్కరలేదు. ఇటువంటి సొత్తునే ఇంగ్లీషువాళ్ళు పబ్లిక్ డొమైన్ అంటారు.

ఇక్కడొక జాగ్రత్త కావాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తింది. ఆ వరద ఫొటోలు చూపి, దీన్ దయాళ్ తీశాడని చెప్పడం వింటూ వుంటాం. ఆయన పోయింది 1905లో! స్టూడియో పేరు అచ్చయి వుండవచ్చుగాని, కెమెరా వెనక నిలబడింది ఆయన కాదు. అట్లాగే జనానా స్టూడియోలో తెరవెనక ఫొటోలు తీసింది ఒక స్త్రీ. అట్టమీద అచ్చయిన పేరు వేరు, తీసిన చేయి వేరు. ఈ తేడా చరిత్రకారుడికే కాదు, చట్టానికీ కావాలి. ఎందుకంటే ఇవాళ మన చట్టం ఫొటో వయస్సును తీసిన మనిషి వయస్సుతో ముడిపెట్టింది.

చట్టం చెప్పే లెక్క

బ్రిటిషు ఇండియాలో 1914 చట్టం వుండేది. దాని ప్రకారం నెగెటివు తయారైన నాటినుంచి 50 ఏళ్ళు హక్కు. స్వతంత్రం వచ్చాక మన పార్లమెంటు 1957లో సొంత కాపీరైటు చట్టం చేసింది. అది 1958 జనవరి 21నుంచి అమలయింది. ఇందులో ఫొటోకు ప్రచురణ అయిన నాటినుంచి 50 ఏళ్ళు అన్నారు. 1941లో గతించిన రవీంద్రనాథ ఠాకూరు రచనలమీద హక్కు 1991తో తీరబోతుండగా, అందరికీ మరో పదేళ్ళు పెంచారు. దానితో ఫొటోకూ 60 ఏళ్ళయింది. తరువాత 2012 సవరణలో ఫొటోల ప్రత్యేక లెక్క ఎత్తివేసి, కవికీ చిత్రకారుడికీ వున్న లెక్కే పెట్టారు: తీసినవాడు జీవించినంత కాలం, ఆ పైన 60 ఏళ్ళు. ఈ సవరణ 2012 జూన్ 21న అమలులోకి వచ్చింది. ఒకసారి తీరిపోయిన హక్కును మళ్ళీ బ్రతికించే మాట అందులో లేదు.

దీనినిబట్టి సామాన్యుడు గుర్తుంచుకోవలసిన గీత ఒకటి తేలుతుంది. మన దేశంలో 1951 డిసెంబరు ఆఖరులోగా అచ్చయి బయటికి వచ్చిన ఫొటోకు, 60 ఏళ్ళ లెక్కన 2011 చివరితో హక్కు తీరింది. అది ఉమ్మడి సొత్తు. ఆ తరువాత అచ్చయినదానికి తీసినవాడెవరు, వున్నాడా, పోతే ఎప్పుడు పోయాడు అని విచారించుకోవాలి. తీసినవాడెవరో ఎంత వెతికినా తెలియని ప్రచురిత చిత్రానికి, ప్రచురణనుంచి 60 ఏళ్ళు. ప్రభుత్వపు సొత్తయిన ఫొటోకూ ప్రచురణనుంచి 60 ఏళ్ళే.

దీన్ని రెండు ఉదాహరణలమీద సరిచూద్దాం. పోలీసు చర్య తరువాత 1949లో బేగంపేట విమానాశ్రయంలో ఏడవ నిజాం చేతులు జోడించి సర్దార్ పటేలుకు స్వాగతం చెప్పిన దృశ్యం మనందరికీ తెలుసు. ఆ దృశ్యాన్ని సర్కారు ఫొటోగ్రాఫరు తీసి, సర్కారే ఆ ఏడు ప్రచురించిన చిత్రమైతే 2009 చివరికి గడువు తీరింది. మన పటాన్‌చెరులో 1975లో ఇక్రిశాట్‌కు ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఆనాడు సర్కారు తీయించి ఆ ఏడే ప్రచురించిన ఫొటో వుంటే, 2035 చివరిదాకా దానికి హక్కు వున్నది. పెండ్లిపత్రికకు చార్మినారు తీసుకున్నట్టు దాన్ని తీసుకోరాదు.

పెండ్లి ఫొటో మాటేమిటి?

ఇప్పుడా అమ్మాయి ప్రశ్న. డబ్బిచ్చి, పిలిపించి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, మొదటి హక్కుదారు డబ్బిచ్చి తీయించుకున్నవారే. ఇది కొత్త మాట కాదు, 1914 చట్టంలోనూ వున్నదే. కనుక పెండ్లి ఫొటో పెండ్లివారిదే. నెగెటివు రీలు స్టూడియోవాని అలమారులో వుండవచ్చు. అంతమాత్రాన దానినుంచి ప్రింట్లు తీసి అమ్ముకొనే హక్కు అతనికి రాదు. పెండ్లికూతురి ఫొటోను పెద్దదిగా చేయించి షాపు ముందు అద్దాల పెట్టెలో పెట్టుకోవడం మనం చూస్తూ వుంటాం. అడిగి పెట్టుకుంటే ముచ్చట, అడక్కుండా పెట్టుకుంటే తప్పు.

అదే ఫొటోగ్రాఫరు ఎవరూ పిలవకుండా తనంతట తాను జాతరకు పోయి రథాన్నీ, జనాన్నీ తీసివుంటే అది అతనిది. ఎవరి దగ్గరయినా ఉద్యోగం చేస్తూ ఆ పనిలో భాగంగా తీస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, అది యజమానిది. హక్కు ఎవరికి చేరినా, దాని వయస్సు మాత్రం తీసినవాని వయస్సునుబట్టే లెక్క. సొమ్ము ఒకరిది, సోకు ఒకరిది అన్నట్టు, ఇక్కడ సొత్తు ఒకరిది, ఆయుర్దాయం మరొకరిది!

మూడో విద్యార్థి మాట కూడా విచారిద్దాం. ఇంటర్నెట్‌లో కనబడడమంటే సంతలో కనబడడం వంటిది. సంతలో సరుకు అందరికీ కనబడుతుంది, అందరిదీ కాదు. చూసి ఆనందించండి, చదువుకోసం నకలు తీసుకోండి. తరగతిలో పాఠంకోసం చూపించడానికి చట్టం మినహాయింపు ఇచ్చింది. సొంతానికి చదువుకోవడానికీ, పరిశోధనకూ, విమర్శకూ, కోర్టు వ్యవహారానికీ కూడా ఇచ్చింది. సంచికలో అచ్చువేసి పంచడం, అమ్మడం మాత్రం వేరే సంగతి. అక్కడ హక్కు తీరిందా లేదా అని చూసుకోక తప్పదు.

కాగితం వేరు, హక్కు వేరు

సరే, హక్కు తీరింది. అయితే వెళ్ళి ఆ ఫొటో ఇమ్మంటే ఇవ్వాలా? అక్కరలేదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. దీన్ దయాళ్ స్టూడియో గాజుపలకల నెగెటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో కొన్నది. ఆయన ఆల్బములు లండనులో బ్రిటిష్ లైబ్రరీలోనూ వున్నాయి. ఆ గాజుపలకలు ఆ సంస్థలవి. వాటిని భద్రపరచడానికి వాళ్ళు ఖర్చు పెడుతున్నారు. నకలు తీసి ఇచ్చినందుకు రుసుము అడిగితే అది పనికి కూలి; న్యాయమే. కాని, మా దగ్గర గాజుపలక వున్నది కనుక ఆ బొమ్మను లోకంలో ఇంకెవరూ అచ్చువేయరాదు అని కాపీరైటు పేరు చెబితే, అది చెల్లే మాట కాదు. బావిగట్టుకు కాపలా కాసినవాడు నీళ్ళకు కర్త కాడు.

పాత ఫొటోను యంత్రంమీద పెట్టి వున్నది వున్నట్టు నకలు తీస్తే కొత్త హక్కు పుడుతుందా? పుట్టదని 1999లో న్యూయార్కు కోర్టు ఒకటి పాత వర్ణచిత్రాల నకళ్ళ విషయంలో చెప్పింది. ఐరోపా సమాజం 2019లో చేసిన ఆదేశంలో, గడువు తీరిన చిత్రానికి తీసిన యథాతథపు నకలు కూడా స్వేచ్ఛగానే వుండాలన్నది. మన సుప్రీంకోర్టు కూడా, తీర్పుల సంకలనాల విషయమై ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో, ఉట్టి శ్రమా ఖర్చూ చాలవు, అందులో కొంతైనా సృజన వుండాలి అన్నది. ఈ సూత్రమే మన పాత ఫొటోకూ దీపం. మూలమీద తన పేరు ముద్ర కొట్టినంతమాత్రాన పాత చార్మినారు కొత్తవాడిది కాదు.

ఈ కాగితానికీ హక్కుకూ వున్న తేడా తెలియకే మన దగ్గర రెండు రకాల నష్టం జరుగుతున్నది. భయస్థుడు ఎందుకొచ్చిన గొడవ అని ఫొటో దాచేస్తాడు, అది చెదలపాలవుతుంది. తెగించినవాడు ఎవరిదైతేనేం అని తీసేసుకొని, అడుగున పేరు కత్తిరించి, ఊరు మార్చి, వాట్సాప్‌లో పంచుతాడు. దానితో అది అబద్ధపు సాక్షి అవుతుంది. ఇక స్టూడియో మూతబడితే నెగెటివుల గతి అడగవద్దు. ఫిల్ములో వున్న రవ్వంత వెండికోసం తూకానికి అమ్మేస్తారు. నలభై ఏళ్ళ ఊరి ముఖాలన్నీ కరిగి ఒక బొట్టు వెండి మిగులుతుంది.

పోరాటపు చిత్రాలు

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం పేరు చెప్పగానే, తుపాకులు పట్టిన పల్లె స్త్రీల ఫొటో కళ్ళముందు మెదులుతుంది. ఆ నాటి దృశ్యాలను కెమెరాలో పట్టినవారిలో సునీల్ జానా ప్రసిద్ధుడు. 1918లో అస్సాంలో పుట్టి, 1943 బెంగాలు కరువు ఫొటోలతో పేరు తెచ్చుకొని, కమ్యూనిస్టు పార్టీ పత్రికలకోసం దేశమంతా తిరిగినవాడు. ఆయన చివరి రోజులు అమెరికాలో గడిచాయి. 2012 జూన్ 21న కన్నుమూశాడు. ఆ తేదీ ఇంతకుముందే చెప్పుకున్నాం. ఫొటోగ్రాఫరుకు మరణం తరువాత 60 ఏళ్ళ హక్కునిచ్చిన సవరణ అమలులోకి వచ్చిన రోజూ అదే!

ఇప్పుడు మన గీత గుర్తు తెచ్చుకోండి. 1951లోగా పత్రికల్లో అచ్చయిన ఆయన చిత్రాలకు 60 ఏళ్ళ గడువు ఆయన బ్రతికివుండగానే తీరింది. 1952 తరువాత మొదటిసారి అచ్చయినవాటికి 2072 చివరిదాకా హక్కు వుంటుంది. ఒకే మనిషి, ఒకే కెమెరా, ఒకవేళ ఒకే రోజు తీసిన రెండు ఫొటోలు! ఒకటి మన అందరిదీ, రెండోది ఆయన వారసులదీ. అందుకే తేదీ తెలియని ఫొటో, పేరు చెప్పుకోలేని సాక్షి వంటిది.

హక్కు తీరినంతమాత్రాన పేరు తీరదు. కర్త ఫలానా అని చెప్పుకొనే హక్కును మన చట్టం వేరుగా కాపాడుతున్నది. చట్టం మాట అటుంచండి. బావి తవ్వించినవాని పేరు రాతిమీద చెక్కడం మన ఊళ్ళ ఆచారం. నీళ్ళు అందరివీ, పేరు తవ్వించినవానిది.

ఫొటోలో వున్నవారి మర్యాద మరొకటి. కరువులో ఎముకలగూడులై నిలబడ్డవారూ, ఘోషా తెర చాటున కూర్చున్నవారూ మన పుస్తకం అట్టమీద అలంకారంగా వుండడానికి ఒప్పుకోలేదు. కాపీరైటు తీరిన ఫొటోను వాడుకోవచ్చు. దాన్ని ఎట్లా వాడుకోవాలో చెప్పవలసింది చట్టం కాదు, మన సంస్కారం.

నక్కవాగు ఒడ్డున

ఇదంతా పుస్తకాలవాళ్ళ గోల, మాకెందుకు అనుకుంటారేమో. మా పటాన్‌చెరు దగ్గర నక్కవాగు వున్నది. కర్మాగారాల మురుగు ఆ వాగులో కలిసి పొలాలూ బావులూ చెడిపోయాయన్న మొర 1990లో సుప్రీంకోర్టుదాకా పోయింది. వాగు ఒకప్పుడు తేటగా వుండేదని, పశువులు తాగేవని, చేపలు పట్టేవారమని ముసలివాళ్ళు చెబుతారు. చెప్పేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. వాళ్ళ తరువాత ఆ మాట చెప్పగలిగేది, ఏ ఇంటి రేకుపెట్టెలోనో వాగు ఒడ్డున బతుకమ్మలతో నిలబడ్డ ఆడపిల్లల ఫొటో ఒక్కటే. వెనక నీళ్ళు కనబడుతూ వుంటాయి. తీసినవాడు పిల్లలను తీశాడు. ఆ సంగతి తెలియకుండానే వాగును కూడా తీశాడు.

అటువంటి ఫొటో దొరికితే, ఎవరిదో తెలియదని పక్కన పడేయడం న్యాయమా? తెలుసుకోవాలి. తీయించిన ఇంటివారిని అడగాలి. తీసినవాడు ఎవరో, ఏ ఏడాదో కనుక్కోవాలి. కోర్టు వ్యవహారానికి ఫొటో నకలు దాఖలు చేయడాన్ని కాపీరైటు చట్టం ఆపదు. ఆపేది మన బద్ధకమే.

చేయవలసిన పనులు

ఒక ఆదివారం మధ్యాహ్నం రేకుపెట్టె దించండి. ఇంట్లో పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక్కొక్క ఫొటో చూపి, ఎవరు, ఎక్కడ, ఏ ఏడు, తీసినవారెవరు, తీయించినవారెవరు అని అడిగి, వెనక మెత్తని పెన్సిలుతో రాయండి. సిరాతో వద్దు, సిరా ముందువైపుకు దిగుతుంది. ఏడు సరిగా గుర్తులేకపోతే, “చిన్నబాయి పెండ్లి అయిన ఏడు”, “చెరువు తెగిన మరుసటేడు” అన్నా చాలు. తరువాత లెక్క కట్టుకోవచ్చు. పాత పత్రికలో అచ్చయిన ఫొటో అయితే ఆ పత్రిక పేరూ తేదీ ఊడిపోకుండా వుంచండి. హక్కు లెక్కకు అదే మూలం.

ఊళ్ళో పాత స్టూడియో వుంటే, ఆయన తూకానికి అమ్మకముందే వెళ్ళి మాట్లాడండి. నెగెటివులు ఆయనవి, చాలా బొమ్మల హక్కు ఆ ఇళ్ళవారిది. ఇద్దరూ కలిస్తేగాని ఊరి చరిత్ర బయటికి రాదు. సంచికకు ఫొటో తీసుకొనేటప్పుడు, “ఫలానా సంచికలో ఒకసారి అచ్చువేయడానికి సమ్మతి” అని ఒక కాగితంమీద సంతకం తీసుకోండి. ఇచ్చినవారి పేరూ, తీసినవారి పేరూ బొమ్మ కింద తప్పక వేయండి. మీ సొంత ఫొటోలను ఊరివారంతా వాడుకోవాలని మీకే అనిపిస్తే, ఆ మాట మీరే రాసి గ్రంథాలయానికి ఇవ్వండి. గడువు తీరేదాకా ఎదురుచూడనక్కర లేదు. డగేర్ విద్యను ఫ్రాన్సు పంచినట్టు బ్రతికివుండగానే పంచవచ్చు.

అయితే, పాత ఫొటో ఎవరిది? కాగితం, దాచినవారిది. హక్కు, కొంతకాలం తీసినవారిదో తీయించినవారిదో. కీర్తి, ఎల్లప్పుడూ తీసినవారిది. మర్యాద, అందులో వున్నవారిది. గడువు తీరిన తరువాత బొమ్మ మనందరిదీ. కాని, ఆ గడువు తీరేదాకా ఆ కాగితం చెదలు తినకుండా ఒకరు కాపాడాలి. ఆ కాపాడేవారు ఢిల్లీలోనూ లండనులోనూ మాత్రమే వుండాలా? మన వీధిలో వుండకూడదా?